నాలుగో నీడ

ఆడపిల్లలకు గ్రౌండు ఏడింటి తర్వాతే.
పగలంతా క్రికెట్టు, సాయంత్రం మగపిల్లలు,
వాళ్ళ బైకులు గేటు దాటేదాకా మా బూట్లు మెట్ల మీదే.
మా ఆటకు వెలుతురు పొద్దుది కాదు,
ఎత్తిరాజులన్న స్విచ్చి వేస్తే వచ్చేది.

వేయగానే వచ్చేదా? రాదు.
ముందు ఊదారంగు, జలుబు చేసిన గొంతులాగా.
తర్వాత పసుపు.
ఎనిమిది నిమిషాలకు తెలుపు,
అదీ నీళ్ళు ఎక్కువైన మజ్జిగ తెలుపు.
మధ్యలో కరెంటు పోతే దీపాలు అలిగేవి,
వేడి చల్లారేదాకా వెలగమని మొండికేసేవి.
అప్పుడు సెంటర్ సర్కిల్లో, గడ్డి లేని చోట కూర్చుని
మునిరత్నం హాస్టల్ సాంబారును తిట్టేది.
పోలీసు సెలెక్షన్‌కు పోతున్నానని షాకిరా మొదట చెప్పింది
ఆ చీకట్లోనే, మోకాలికి బామ్ రాసుకుంటూ.
ముఖాలు కనబడవు కాబట్టి చెప్పింది.

నాలుగు స్తంభాల్లో ఈశాన్యంది నేను చేరకముందే చచ్చింది.
"ఈశాన్యంలో బరువు పెట్టగూడదు గదా,
వెలుతురు గూడా బరువే అనుకున్నారేమో" అనేవాడు ఎత్తిరాజులన్న.
ఆ మూల నా గోలుకు ఎడమ పక్క.
అటునుంచి వచ్చే బంతిని నేను చూడలేదు, విన్నాను.
కంకర మీద బూటు గీరుకుంటే కార్నర్,
ఎవరో ఊపిరి బిగబడితే షాట్.
అనంతపురం జట్టు ఆ మూలలో తడుముకున్న రోజు
రెండు గోల్స్ తేడాతో గెలిచి
దాన్ని ప్రతిభ అనుకున్నాం.

మొన్న ఆదివారం క్రేను వచ్చింది.
పాత దీపాలు ఒక్కోటి పెళ్ళి వంట గుండిగంత.
ఎత్తిరాజులన్న అద్దం మూత విప్పి
గోనెపట్ట మీద బోర్లించాడు.
శేరుకు తగ్గని ఉసుళ్ళు. ఒక బల్లి ఎముకల గూడు.
"మా అవ్వ వీట్ని బొరుగుల్లో వేయించి పెడ్తా ఉన్నింది పాపా,
మీ కాలేజీ ఇన్నేండ్లు కరెంటు పెట్టి వేయించింది."
పాతది వెయ్యి వాట్లు, కొత్తది నాలుగొందలని లెక్క చెప్పాడు.
"బిల్లు తగ్గుతుందని పెడతాండారు, మీ కోసరం కాదు.
ఆడుకోండి, ఎవురి కోసరమైతే ఏమి."

సోమవారం, ఏడూ పది.
స్విచ్చి. అంతే.
ఎవరో దుప్పటి లాగేసినట్టు గ్రౌండంతా ఒక్కసారే.
గడ్డి అనుకున్నది సగం పల్లేరు.
నెట్టుకు నేను వేసిన ముళ్ళన్నీ నీలం ప్లాస్టిక్ దారం.
ఈశాన్యం మూల ఉమ్మెత్త పొదలో
ఎప్పుడో పోయిన బంతి, గాలి లేకుండా.
షాకిరా కణత మీద కుట్ల గుర్తు.
ఎప్పటిదే, అనబోయాను.
తను అటు తిరిగి లేసు కట్టుకుంది.

కాళ్ళ దగ్గర చూసుకున్నాను.
ఇన్నాళ్ళూ నాకు మూడు నీడలు.
నాలుగోది ఇవాళ వచ్చింది
కొత్తగా చేరిన జూనియర్‌లాగా,
ఎక్కడ నిలబడాలో తెలియకుండా.

ఎడమనుంచి వచ్చిన మొదటి బంతికి ఆలస్యమయ్యాను.
కనబడుతున్నదాన్ని వినబోయాను.
గోల్.
మునిరత్నం పడీ పడీ నవ్వింది.

ఇంకో సంగతి.
ఈ దీపాలు తలొంచుకుని కిందికే చూస్తాయి.
పాతవి ఆకాశానికి కూడా కాస్త పూసేవి,
కొండ మాసిపోయి ఉండేది.
ఇప్పుడు వెనక్కి తిరిగితే ఘాట్ రోడ్డు వంపు వంపుకీ లెక్కకొస్తుంది,
దిగుతున్న బస్సు ఒకటి మలుపులో ఆగి, మళ్ళీ కదిలి.

షాకిరా మధ్యనుంచి ఎత్తి కొట్టింది.
బంతి స్తంభాల తల దాటి
నల్లనైపోయింది.
లేదు.
చేతులు చాచాను, నాలుగు నీడలూ చాచాయి.
"పైన పాపా, పైన" అని అరుస్తున్నాడు ఎత్తిరాజులన్న
స్విచ్చిబోర్డు దగ్గరనుంచి.
పైనే అని నాకూ తెలుసు.
చెవులు రిక్కించుకుని నిలబడ్డాను.